మీకు తెలుసా? మరుగుదొడ్డిలో వానపాముల కొలువు!

★ పొలానికి వర్మీకంపోస్టు చేసిపెట్టే ఎర్ర వానపాములే మరుగుదొడ్డి పనీ చూసుకుంటాయి! రాళ్లు, ఇసుక పరిచిన గుంతలో వాటిని వదిలితే మలాన్ని తిని ఎరువు చేస్తాయి, నీరు కిందికి దిగి నేలలో ఇంకిపోతుంది. ‘టైగర్ టాయిలెట్’ అనే మరుగుదొడ్డి పనిచేసేది ఇలాగే.

★ ఐదుగురున్న ఇంట్లో ఏడాదికి ఎంత మలం పోగవుతుందో చెప్పగలరా? మనిషికి రోజుకు 128 గ్రాముల చొప్పున దాదాపు 233 కిలోలు! అందులో ముప్పాతిక వంతు నీళ్లే కాబట్టి వానపాములకు మిగిలే గట్టి పదార్థం 60 కిలోలైనా ఉండదు.

★ మూత్రమైతే మొత్తం మలానికి 11 రెట్లు! అదే కుటుంబానికి ఏడాదికి 2,500 లీటర్లు దాటుతుంది. అందుకే గుంత నిండుతోందంటే ముందుగా చూడాల్సింది నీరు ఇంకే దారి మూసుకుపోయిందేమోనని.

★ వానపాముకు ఊపిరితిత్తులు లేవు, గుండెలా కొట్టుకునే నాళాలు మాత్రం 5 జతలు! గాలి పీల్చేది చర్మంతోనే, అది ఎండితే ప్రాణం పోతుంది. అందుకే పిడికెడు ఎరువును గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఎప్పుడూ ఉండాలి.

★ గుంతలో చీమలు పుట్ట పెట్టాయా? లోపల చెమ్మ తగ్గిందని అవి మీకు కబురు పెట్టినట్టే! రెండు చెంబుల నీళ్లు చల్లితే చీమలు మకాం మారుస్తాయి.

★ వానపాములన్నీ గుంపుగా గోడలెక్కుతున్నాయా? అది షికారు కాదండీ, ప్రాణభయం! నీరు నిలిచినా, వేడి పెరిగినా, మూత్రం ఎక్కువై అమోనియా ఘాటెక్కినా అవి ఇలాగే పారిపోవాలని చూస్తాయి.

★ ఆరోగ్యంగా ఉన్న వానపాముల గుంత దాదాపుగా మట్టి వాసనే వేస్తుంది! ముక్కు మూసుకోవాల్సి వస్తే లోపలికి గాలి అందడం లేదని అర్థం. గాలి గొట్టం శుభ్రం చేసి, ఎండుటాకులో కొబ్బరి పీచో రంపపు పొట్టో వేస్తే వాసన తగ్గుతుంది.

★ తళతళలాడేలా కడగాలని యాసిడో, ఫినాయిలో, బ్లీచింగ్ పౌడరో పోశారా? కింద ఉన్న పనివాళ్లు చచ్చిపోతారు! ఈ మరుగుదొడ్డికి బ్రష్షు, నీళ్లు చాలు.

★ 15 నుంచి 25 డిగ్రీలు వీటికి హాయి, 35 దాటితే ప్రాణగండం! మన రెంటచింతల ఎండలకు ఎంత కష్టమో ఆలోచించండి. గుంతకు మంచి నీడ, మందమైన మూత ఉండాల్సింది అందుకే.

★ పెద్ద వానపాములన్నీ పోయినా సంతానం తిరిగి పుట్టుకురావచ్చు! నిమ్మకాయ ఆకారంలో ఉండే బుల్లి గుడ్లసంచి ఎండనూ చలినీ పెద్దల కన్నా బాగా ఓర్చుకుంటుంది. తడి, తగిన వెచ్చదనం దొరికితే సుమారు 3 వారాల్లో ఒక్కో సంచిలోంచి ఒకటికి మించి పిల్లలు బయటికొస్తాయి.

★ వానపామును రెండు ముక్కలు చేస్తే రెండు వానపాములవుతాయని చిన్నప్పుడు మీరూ నమ్మారు కదూ? అది అబద్ధం! తలవైపు ముక్క బతికితే బతకొచ్చు, తోకవైపు ముక్క పూర్తి వానపాము కాలేదు. కాబట్టి గుంతలో పార దించకండి.

★ చార్లెస్ డార్విన్ వానపాములకు సంగీతం వినిపించాడు! కొడుకు బసూన్ వాద్యం ఊదితే అవి కదల్లేదు, వాటి కుండీలను పియానో మీద పెట్టి మీట నొక్కితే మాత్రం చటుక్కున బొరియల్లో దూరాయి. చెవులు లేకపోయినా అదురు వాటికి తెలుస్తుంది. 72 ఏళ్ల వయసులో, 1881లో, ఈ ముచ్చట్లతో ఆయన ఏకంగా ఒక పుస్తకమే అచ్చువేయించాడు!

★ వానపాములు ఎంత తిన్నా ఏలికపాము గుడ్లన్నీ నశించాయని నమ్మడానికి లేదు! మట్టిలో ఏళ్ల తరబడి బతికే మొండి గుడ్లవి. కాబట్టి 20 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో ఏడాదికి పైగా ఎరువును నిల్వ ఉంచాలని, చలి ప్రాంతాల్లో ఏడాదిన్నర నుంచి రెండేళ్లు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చెప్పింది. ఎరువు తీసేటప్పుడు చేతులకు తొడుగులు, తీశాక సబ్బుతో కడుక్కోవడం, ఈ రెండూ మరవకండి!