తుపాకిమందునకును వార్ధక్యము కలదు

మన నల్లగొండసీమలో వేసవిరాత్రి తోడుపెట్టిన పాలు తెల్లవారుసరికే పులిసిపోవుట మన మెఱిగినదే. చుక్కెడు పులుపు కడవెడు పులుపును పుట్టించును; వేడి దానికి తోడ్పడును. తుపాకిమందు చెడుటయు నిట్టిదే యని మా యింటివారు బడిపిల్లలకు చెప్పుచుండగా విని, ఆ సంగతి మీకును దెలుప దలంచితిమి.

1884లో ఫ్రాన్సుదేశమున పాల్ వియే యను రసాయనవేత్త పొగలేని మందును కనిపెట్టెను. దానికి మూలము నత్రికామ్లముతో సంస్కరింపబడిన దూది. ఇది పెట్టెలో నూరక పడియున్నను మెల్లమెల్లగా విడిపోవుచు నత్రజని ఆక్సైడులను వెలువరించును. అవి తేమతో గలిసి యామ్లమగును. ఆ యామ్లము తోడువలె పనిచేసి మిగిలిన మందును మఱింత వేగముగా చెఱచును. అందు పుట్టిన వేడి బయటికి పోజాలక హెచ్చినచో మందు తనంతట తానే యంటుకొనును.

టూలాన్ రేవున 1907 మార్చి 12న ఇయేనా, 1911 సెప్టెంబరు 25న లిబెర్తే యను యుద్ధనౌకలు పేలిపోవుటకు చెడిన మందే కారణమని యెంచిరి. మొదటిదానిలో 100 మందికి పైగా, రెండవదానిలో 200 మందికి పైగా నసువులు బాసిరి. శత్రువెవ్వడును లేడు, కొట్టులోని సరకే కాలపాశమయ్యెను.

దీనికి విరుగుడు డైఫినైలమీను. మందులో నూటికి 1 పాలు చేర్చిన చాలును. వెలువడిన వాయువులను ఎప్పటికప్పుడు తనలో కలుపుకొని, తోడు పడనీయదు. కాని యది వార్ధక్యమును ఆపజాలదు. ఆలస్యము మాత్రము చేయును. తాను తఱుగుచు మందును కాచును. తాను నిశ్శేషమైననాడు రక్షణయు ముగియును. కావున నియతకాలమున నమూనా తీసి, ఎంత మిగిలినదో పరీక్షించి, కొఱవడిన సరకును నాశనము చేయవలెను.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. 2016 వఱకు మన జిల్లాలోనిదైన యాదగిరిగుట్ట చెంత, పెద్దకందుకూరున, ప్రీమియర్ ఎక్స్‌ప్లోసివ్స్ వారు క్షిపణులకు ఘనచోదకములను తయారుచేయుచున్నారు. ఇప్పటి మిశ్రమచోదకములందు రబ్బరువంటి బంధకముండును. అది గాలి సోకి, గట్టిపడి బీటవాఱినచో మండు తావు పెరిగి గొట్టమే పగులవచ్చును. అందులకై ఆక్సీకరణమును నిరోధించు ద్రవ్యములను చేర్తురు.

భద్రపఱచుట యనగా మూతవేసి మఱచుట కాదు. ఊరగాయజాడిని సైతము మనము నడుమనడుమ తెఱచి చూచుకొందుము. ఎండలు మండు మన సీమలో, మన బిడ్డలు పనికిపోవు మందుకొట్టులనుగూర్చి "కడపట నెప్పుడు పరీక్షించితిరి?" అని యడుగుట తల్లులకు తగని మాట కాదని మా తలంపు.