బత్తాయి తోట : కాపు, కోత, అమ్మకము

నల్లగొండ ప్రాంతమున బత్తాయి యనియు, అనంతపురము, కడప జిల్లాలలో చీనీ యనియు పిలువబడు పండు ఒక్కటియే. తెలుగు రైతులు విరివిగా నాటునది సాత్‌గుడి రకము. ఈ పంట మెట్టపైరులకంటె నెక్కువ రాబడి నిచ్చునని విని బావులలో నీరున్న రైతు లనేకులు తోటలు వేసిరి. కొందరు బాగుపడిరి. కొందరు ఏండ్లతరబడి నీరు పోసి పెంచిన చెట్లను తమ చేతులతోనే నరికి వంటచెరకు క్రింద అమ్ముకొనిరి. నీరు తప్పుట ఇందుకు ముఖ్యకారణమే. అయినను నీరుండియు నష్టపడిన వారు కలరు. వారి నష్టము పెక్కుసారులు తోటలో గాక అమ్మకములో జరిగినది.

తోట వేయదలచినవాడు మొదట నేలను నాలుగడుగుల లోతు త్రవ్వించి చూడవలెను. అడుగున సున్నపు గడ్డల పొరగాని, చవుడుగాని యున్నచో ఆ నేలను విడిచిపెట్టవలెను. వానకాలమున గుంతలో నిలిచిన నీరు రెండు మూడు దినములకైనను ఇంకనిచో అదియును పనికిరాదు. బత్తాయి వేరు ఊపిరాడని తడిని ఓర్వజాలదు. పిదప నీటి లెక్క. వైశాఖమాసమున బావిగాని బోరుగాని ఎంత పోయునో దానినిబట్టియే తోట విస్తీర్ణమును నిర్ణయింపవలెను. కార్తికమున పోయు నీటిని చూచి ఎకరములు లెక్కించుకొన్నవారి తోటలే కరవు సంవత్సరములలో ముందుగా ఎండినవి. బిందుసేద్యపు గొట్టములు నీటిని పొదుపు చేయునుగాని లేని నీటిని పుట్టింపలేవు.

మొక్కల విషయమున ధర చూచుకొనుట కూడదు. మొక్కలో దాగిన వైరసు తెగులు చెట్టు కాపునకు వచ్చు వేళకుగాని బయటపడకపోవచ్చును. అప్పటికి రైతు పెట్టుబడి యంతయు నేలలో చేరియుండును. రంగపూరు నిమ్మపై కట్టిన అంటు బెట్టకును ఎండుకుళ్లునకును కొంత తాళును. తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన కేంద్రము వంటి నమ్మదగిన చోటుల నుండియే, తల్లిచెట్ల చరిత్ర తెలిసిన అంట్లను తెచ్చుకొనవలెను. 20 అడుగుల ఎడమున నాటినచో ఎకరమునకు 108 చెట్లు పట్టును. అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తున ఉండవలెను. అది మట్టిలో పూడినచో బంకకారు తెగులును పిలిచినట్లే. అంటుకు దిగువన మొలచు చిగుళ్లు నిమ్మవేగాని బత్తాయివి కావు. వాటిని ఎప్పటికప్పుడు గిల్లివేయవలెను. చెట్లు చిన్నవిగా నున్న మూడు నాలుగేండ్లు నడుమ పెసర, అలసంద, వేరుసెనగ వంటివి వేసికొనవచ్చును.

కాపును క్రమపరచుట ఈ సేద్యములోని కీలకము. బత్తాయి చెట్టు మన ఉష్ణదేశమున ఒక్కసారి గాక జనవరి, ఫిబ్రవరి మాసములలోను, జూన్, జూలై మాసములలోను, కొంతవఱకు సెప్టెంబరు, అక్టోబరులలోను పూయును. మూడుసారులు పూచిన చెట్టు మూడింతలు కాయదు. ఒకే చెట్టుపై పూత, పిందె, పండు కలిసియుండి, ఎరువు దేనికి చాలక, కోతకూలి మాత్రము పెరుగును. కావున రైతు ఒక్క కాపును ఎన్నుకొని నిలుపుకొనవలెను. చలికాలపు పూత కాయ వానకాలపు చివర కోతకు వచ్చును. అప్పుడే అందరి కాయయు సంతకు చేరును. జూన్ పూత కాయ వేసవి మొదట దిగును. దీనినే నల్లగొండ రైతులు కత్తెర కాపందురు. ఎండలలో రసపు గిరాకి యుండుటచేత దీనికి తఱచుగా మంచి ధర పలుకును. అయితే ఈ కాపునకు చెట్టును వేసవిలో బెట్టకు పెట్టవలెను. కత్తెర ధరకు ఆశపడి బలహీనమైన తోటను ఎండబెట్టినవారు కాపుతోపాటు చెట్లను గూడ పోగొట్టుకొందురు.

బెట్ట పెట్టుట యనగా నీరు కట్టి ఊరకుండుట కాదు. తేలికనేలలలో నెలదినములకు లోపుగనే చాలును. నల్లనేలలలో నెలకు పైగా పట్టవచ్చును. ఆకు వాడి మడతపడి కొంత రాలుటయే గుర్తు. కొమ్మ ఎండుదాక ఆగరాదు. అప్పుడు పాదులను పైపైన గుల్లచేసి, పశువుల ఎరువును రసాయనిక ఎరువులను వేసి, మొదటి తడి పలుచగా ఇచ్చి, క్రమముగా పెంచవలెను. ఎండిన చెట్టునకు ఒక్కసారిగా నిండునీరు పెట్టినచో పూతకు బదులు ఆకుచిగురు హెచ్చును, లేదా వచ్చిన పూత రాలును. ఆకులు చిన్నవై ఈనెల నడుమ పసుపుపచ్చగా మారినచో అది జింకు లోపము. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున లేత ఆకుపై చల్లవలెను.

మొదలునుండి బంక కారుచున్నచో ఆ భాగమును చెక్కి, 1 కిలో మైలుతుత్తము, 1 కిలో సున్నము 10 లీటర్ల నీటిలో కలిపిన బోర్డో ముద్దను పూయవలెను. దీనిని ఇనుప పాత్రలో కలుపరాదు. కలిపిన పిదప మెరుగుపెట్టిన కత్తిని ముంచి చూచినపుడు ఎఱ్ఱని రాగిపూత కనబడెనా, సున్నము చాలలేదన్నమాట. మరికొంత చేర్చవలెను. నీరు మొదలును తాకకుండ కాండము చుట్టు మట్టి ఎగదోసి, దాని వెలుపల పాది చేయుట మందుకంటె మేలు.

వానకాలమున రాత్రివేళ రెక్కల పురుగు పండునకు తూటు పొడిచి రసము పీల్చును. తూటు పడిన పండు కుళ్లి రాలును. పగలు చూచువానికి పురుగు కనబడదు, కావున రైతు కాయరాలుటకు వేరు కారణములు వెదకుచుండును. దీని పిల్లపురుగు బత్తాయిపై బ్రదుకదు. కంచెలపై ప్రాకు తిప్పతీగ, దూసరతీగలను తినును. కావున తోట చుట్టునున్న ఆ తీగలను మొదలంట త్రవ్వివేయుట, రాలిన పండ్లను ఏ దినమున కాదినము ఏరి పూడ్చుట ముఖ్యము. ఒక్క రైతు తీసి పొరుగువాడు తీయనిచో ఫలము సగమే.

ఇక అమ్మకము. చాలమంది రైతులు పూత మీదనే తోటను గుత్తకిచ్చి బయానా పుచ్చుకొందురు. చేతిలో డబ్బు లేకపోవుట, కోతకూలీలు దొరకకపోవుట, కావలి భారము, ఇవి నిజమైన ఇబ్బందులే. వీటిని తెలివితక్కువ యని కొట్టివేయుట న్యాయము కాదు. కాని గుత్తదారు ధర హెచ్చుగా నున్నపుడు పచ్చికాయను కోయును. ధర పడినపుడు పండును చెట్టుమీదనే నిలిపి వేచియుండును. అట్లు నిలిచిన పండు చెట్టు బలమును తినివేయుటచే రాబోవు పూత చెడును. ఆ నష్టము గుత్తదారుది కాదు, మరుసటి యేడు రైతుది.

గుత్త తప్పనివాడు పిందెరాలుడు ముగిసి కాయ నిమ్మపండంత అయిన పిదపనే బేరమాడవలెను. అంతకుముందు తానే కాయ లెక్కించుకొనవలెను. తోటలో నలుమూలల నుండి, మంచివి చెడ్డవి కలిపి పది చెట్లు తీసి సరాసరి చూడవలెను. చెట్టుకు 400 కాయ లున్నవనుకొన్నచో 108 చెట్లకు 43,200 కాయలు. కిలోకు ఆరు తూగినచో 7,200 కిలోలు, అనగా ఏడు టన్నులకు పైమాట. ఈ లెక్క లేని రైతు గుత్తదారు చెప్పిన అంకెనే నమ్మవలసివచ్చును. కోత ముగింపవలసిన తేదిని కాగితముపై వ్రాయించుకొనవలెను.

తానే కోసి అమ్ముకొనువాడు ఒకటి గుర్తుంచుకొనవలెను. బత్తాయి మామిడివలె కోసిన పిదప మాగదు. చెట్టుపై రాని తీపి గడ్డిలో రాదు. మన ఎండప్రాంతములలో పండు పూర్తిగా పసుపు తిరుగకయే పక్వమగును. కావున రంగు నొక్కదానినే నమ్మక, కొన్నిటిని కోసి రుచి చూడవలెను. మంచు, వాన తడి ఆరిన పిదప చిన్న కత్తెరతో తొడిమ కొంచెము నిలిపి కోయవలెను. లాగి తెంపిన పండు తొడిమచోట గాయపడి, లారీలోనే పచ్చబూజు పట్టును. అది ప్రక్కవాటిని గూడ చెరచును. పెద్దవి, నడితరమువి, చిన్నవి వేరు చేయవలెను. కలిపి పోసిన రాశికి చిన్నకాయ ధరయే పలుకుట సహజము.

తరుగు విషయము రైతును ఎక్కువగా ముంచుచున్నది. టన్నుకు 100 కిలోలు తరుగు తీయుదునని వర్తకుడు 22,000 రూపాయలు చెప్పినచో రైతునకు చేరునది 19,800 మాత్రమే. తరుగు లేక 20,000 ఇచ్చువాడే మేలు. పది టన్నులు అమ్మినవానికి ఈ భేదము 2,000 రూపాయలు. పైధర వినగానే తల యూపిన రైతు ఈ గుణకారము చేసికొనడు. తూనికలలోని ఇట్టి అక్రమములను అరికట్టుటకే హైదరాబాదు సంస్థానమున 1930లో, అనగా 1339 ఫసలీలో, వ్యవసాయ మార్కెట్ల శాసనము చేయబడినది. సంస్థానము పోయి, శాసనములు మారినను తరుగు మాత్రము నిలిచినది.

హైదరాబాదు పండ్ల వ్యాపారము 1935లో కట్టబడిన మొజంజాహి మార్కెట్టు నుండి గడ్డిఅన్నారమునకును, అచ్చటినుండి 2021లో బాటసింగారమునకును మారినది. ఢిల్లీ సంతకును లారీలు పోవుచుండును. ఒక్క రైతు కాయ లారీకి చాలదు. ఐదారుగురు ఒకే కాపును నిలిపి, ఒకే వారమున కోసి, లారీ నిండించినచో కిరాయి విడిపోవును, వర్తకుడును తోటకడకు వచ్చును. ఉత్పత్తిదారుల సంఘమున్నచోట ఈ పని సులభము. లారీ బయలుదేరుటకు ముందు రెండు మూడు చోటుల ధర విచారింపవలెను. కిరాయి, హమాలి, కమిషను తీసివేసిన పిదప మిగులు సొమ్మునే పోల్చి చూడవలెను. సరుకు తూగిన వెంటనే తూకము, ధర, కోతలు విడివిడిగా వ్రాసిన తక్‌పట్టీని అడిగి పుచ్చుకొని, మార్కెటు గేటు దాటకముందే చదివించుకొనవలెను. పొరపాటున్నచో మార్కెటు కమిటీవారికి అచ్చటనే, ఆ దినముననే చూపవలెను.