లిసియన్ వే: కాళ్ళ సత్తువ కన్నా నీళ్ళ లెక్క ముఖ్యం

తుర్కియే దక్షిణ తీరంలో ఫెతియే దగ్గర మొదలై అంతల్యా దగ్గర ముగిసే నడకదారి ఒకటుంది. పేరు లిసియన్ వే, అక్కడివాళ్ళ భాషలో లిక్యా యోలు. పొడవు సుమారు 540 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి విజయవాడకు నడిచివెళ్ళి, మళ్ళీ నడిచి తిరిగొచ్చినంత. కాకపోతే ఇది తారురోడ్డు కాదు. ఒకరోజు సముద్రం అంచున, మర్నాడు కొండ మీద, ఆ తర్వాత మళ్ళీ కిందికి. ఎత్తైన చోట దారి దాదాపు 1,800 మీటర్ల దాకా ఎక్కుతుంది. ఆగకుండా నడిచేవాళ్ళకు నెల రోజులు పడుతుంది.

ఇంత దూరం నడవగలమా అన్నదే అందరికీ ముందు వచ్చే అనుమానం. కాళ్ళదేముంది, వారం రోజులు పోతే అవే అలవాటుపడతాయి. అసలు చూసుకోవాల్సింది నీళ్ళు.

కారణం ఆ కొండల్లోనే ఉంది. అవి సున్నపురాయి కొండలు. చలికాలంలో వానలు బాగానే పడతాయి కానీ ఆ నీరు పైన నిలవదు. రాతి పగుళ్ళలోంచి లోపలికి దిగిపోయి, ఎక్కడో కింద ఊటగా బయటపడుతుంది. ఒక్కోచోట ఏకంగా సముద్రంలోకే పోతుంది. అందుకే కళ్ళెదురుగా నీలం సముద్రం, చుట్టూ పచ్చటి పైన్ అడవి ఉన్నా గొంతు తడుపుకోవడానికి చుక్క దొరకని పరిస్థితి.

ఈ బాధ కొత్తది కాదు. ఒకప్పుడు ఇక్కడ 23 పట్టణాలు కలిసి లిసియా సమాఖ్యగా ఉండేవి. వాటిలో పతారా పెద్ద రేవు. ఆ ఊరికి నీళ్ళు 20 కిలోమీటర్లకు పైగా దూరంలోని కొండ ఊటల నుంచి వచ్చేవి. మధ్యలో ఒక పల్లం అడ్డం. రోమన్ల కాలంలో అక్కడ పెద్ద గోడ కట్టి, దాని మీద మధ్యలో తొలిచిన రాతి దిమ్మెలను ఒకదానికొకటి బిగించి గొట్టంలా పేర్చారు. ఒకవైపు నుంచి దిగిన నీరు ఆ ఒత్తిడితోనే అవతలి ఒడ్డుకు ఎక్కేది. మోటారు లేదు, కరెంటు లేదు! దెలిక్‌కెమెర్ అనే ఆ కట్టడం ఇప్పటికీ నిలిచి ఉంది, నడకదారి దాని పక్కనుంచే పోతుంది.

అంత ఖర్చు పెట్టలేని పల్లెలు వాననీటిని దాచుకున్నాయి. దారిపొడవునా గుమ్మటం కప్పున్న పాత నీటి తొట్లు కనిపిస్తాయి. వాటిని సార్నిచ్ అంటారు. మేకలు కాసేవాళ్ళు ఇప్పటికీ వాడతారు. చాలాచోట్ల తాడు, చేద మనమే తెచ్చుకోవాలి. తోడిన నీళ్ళు ఫిల్టర్ చేయకుండా, లేదా మరగబెట్టకుండా తాగొద్దు.

ఊళ్ళలో మాత్రం బెంగ అక్కర్లేదు. మసీదు కనిపించిందంటే వజూ కుళాయిలు ఉన్నట్టే. నడిచేవాళ్ళంతా సీసాలు అక్కడే నింపుకుంటారు. రోడ్డు పక్క ధారను అక్కడివాళ్ళు ‘చెష్మె’ అంటారు, మన ఇళ్ళల్లో వినే ‘చష్మా’నే. ఇద్దరికీ ఆ మాట ఫార్సీ నుంచి వచ్చింది. ఇంకో మాట విచిత్రంగా మారింది: ఉర్దూలో ‘ముసాఫిర్’ అంటే ప్రయాణికుడు, తుర్కీలో ‘మిసాఫిర్’ అంటే అతిథి.

ఊరూ వాడా లేని ముక్కల్లోనే జాగ్రత్త. దెమ్రె నుంచి ఫినికె వైపు కొండల మీదుగా సాగే భాగం రెండు రోజుల నడక, మధ్యలో దుకాణం ఉండదు. కరాఓజ్ నుంచి గెలిదోన్యా లైట్‌హౌస్ మీదుగా అద్రసాన్ చేరే భాగం మొత్తం దారిలోకెల్లా అందమైనది అనొచ్చు. కానీ అక్కడ నమ్ముకోదగ్గ నీటి వసతి లేదు. ముందురోజే నాలుగు లీటర్లు నింపుకోవాలి. నాలుగు లీటర్లంటే వీపు మీద నాలుగు కిలోలు అదనం కాబట్టి మిగతా సామాను ముందే తగ్గించుకోవాలి. రెండో షూ జత, లావుపాటి పుస్తకాలు ఇంటి దగ్గరే ఉండనివ్వండి.

ఎప్పుడు వెళ్ళాలన్నదీ నీళ్ళే తేలుస్తాయి. వేసవిలో వద్దు, నీడలేని రాళ్ళ మీద ఎండదెబ్బ ఖాయం. సెప్టెంబరు తర్వాత ఎండ తగ్గుతుంది, సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది, కానీ వేసవంతా ఎండిన తొట్లు, ఊటలు అప్పటికి వట్టిపోయి ఉంటాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అవి నిండుగా ఉంటాయి. పడమర నుంచి బయల్దేరితే ఇంకో లాభం ఉంది. 2,366 మీటర్ల తహ్తలీ కొండ చివర్లో వస్తుంది, అక్కడికి చేరేసరికి దారి మీది మంచు చాలావరకు కరిగిపోతుంది.

ఈ దారికి గుర్తులు పెట్టించింది తుర్కియేలో స్థిరపడ్డ బ్రిటిష్ మహిళ కేట్ క్లో. 1999లో ప్రారంభమైంది. ఆ దేశంలో గుర్తులు పెట్టిన మొదటి దూరపు నడకదారి ఇదే. రాళ్ళ మీద తెలుపు, ఎరుపు గీతలు ఉంటే సరైన దారి, అడ్డంగా కొట్టేసిన గుర్తు ఉంటే అటు పోవద్దని. పది నిమిషాలు నడిచినా గీత కనిపించకపోతే ముందుకు వెతుక్కుంటూ పోకండి, చివరి గీత దాకా వెనక్కి రండి. దారి తప్పితే ఎక్కువ తిరగాలి, తిరిగినకొద్దీ సీసా ఖాళీ అవుతుంది. ప్రమాదమైతే ఫోన్ చేయాల్సిన నంబరు 112.

ఒకే విడతలో నెల సెలవు దొరకనివాళ్ళు ముక్కలుగా పూర్తిచేస్తారు. దారి చాలాచోట్ల ఊళ్ళను తాకుతుంది, అక్కణ్ణుంచి దొల్ముష్ అనే షేర్ వ్యాన్లు పట్టణాలకు తిరుగుతుంటాయి. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళే కుటుంబాలకు పతారా, కాష్ చుట్టుపక్కల ఒకరోజు నడకలు సరిపోతాయి. పతారా ఇసుక తీరం 18 కిలోమీటర్లు. సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు కాబట్టి ఆ కాలంలో రాత్రిళ్ళు తీరంలోకి రానివ్వరు.