వానకోవెల గూండ్లు – అకాలపు ముసురు

ఫాల్గుణ చైత్రములయందు మన నిజామాబాదు, బోధను ప్రాంతములలో నొక్కొకప్పుడు వడగండ్లవాన కురిసి, రెండుమూడు దినములు మబ్బు విడువక చలిగాలి వీచుట కలదు. అట్టి ముసురు గూండ్లలోని వానకోవెల పిల్లలకు ప్రాణాంతకము. అవి తడిసి చచ్చునని పలువురు తలంతురు. కాని వంతెన క్రింది గూటికి వానజల్లు తగులుట యరుదు. వానిని ముఖ్యముగా జంపునది ఆకలి.

చలికాలమున తీగలపై బారులుదీరు వానకోవెలలు ఉత్తరదేశములనుండి వచ్చి వేసవికి మరలిపోవును. మన యొద్ద గూడు కట్టునవి వేఱు. ఎఱ్ఱనడుము వానకోవెల కూజావంటి గూటిని, తీగతోక వానకోవెల సగము దొప్పవంటి గూటిని బురదముద్దలతో గట్టును. 1923లో ఆరంభింపబడి 1931లో ముగిసిన నిజాంసాగరపు కాలువల వంతెనలు, మోరీలు వీనికి దగిన తావులు.

వానకోవెల గింజలు తినదు. ఎగురుచున్న ఈగలను, దోమలను, రెక్కలపురుగులను ఎగురుచునే పట్టి తినును. చలియు వానయు గూడినపుడు ఆ పురుగులు ఆకులమాటున నణగియుండును. తల్లిదండ్రులకే మేత చాలనపుడు పిల్లలకేమి తెచ్చును? క్రొత్తగా పుట్టిన పిల్లలకు ఈకలుండవు. తమ వేడిమిని తాము నిలుపుకొనలేవు. తల్లి కప్పుకొని కూర్చుండిన పిల్లల కాకలి, మేతకు వెడలిన చలి.

ఈ సంకటము పెద్దపక్షులకును గలదు. 1974లో శరదృతువున ఐరోపాయందు ఆల్ప్సు పర్వతముల కుత్తరమున చలివానలు విడువకుండుటచే, దక్షిణమునకు బోవలసిన వానకోవెలలు లక్షలకొలది చిక్కుకొనెను. వానిలో ననేకము చచ్చెను. అచ్చటి జనులు బ్రదికినవానిని పెట్టెలలో నుంచి, రైళ్లమీదను విమానములమీదను పర్వతముల కావలికి బంపిరి.

మనకంత ప్రయాస యక్కఱలేదు. రైతుసోదరులు ఈ క్రింది విషయములు గమనింపవలెను.

1. పిల్లలు చచ్చెనని గూటిని రాల్పరాదు. గూడు నిలిచియున్నచో జంట తిరిగి గ్రుడ్లు పెట్టుటకు వీలగును. రాలినచో మరల వందలకొలది బురదముద్దలు మోయవలెను; ఇంతలో అదను దప్పును.

2. ఇంటికి సున్నము వేయునపుడును, మోరీలు శుభ్రపఱచునపుడును గ్రుడ్లు, పిల్లలు గల గూటిని ముట్టరాదు.

3. ముసురు వెలిసిన మొదటి దినములలో ఆకొన్న పక్షులకు ప్రతి పురుగును విలువైనదే. అవసరము లేక పురుగుమందు చల్లరాదు.

4. కాలువ కట్టివేసిన దినములలో పొలముచెంత కొంచెము బురద నిలుపుట మేలు.

5. క్రిందబడిన పిల్లను మెల్లగా గూటిలో నుంచవచ్చును. మనుష్యుడు ముట్టిన పిల్లను తల్లి విడుచుననుమాట నిజము గాదు.

వానకోవెల చెఱకు కాండములోని తొలుచుపురుగును బట్టలేదు. అట్టి యాశ మేము చూపము. కాని పొలముమీద నెగురు దోమలను, ఈగలను దినమెల్ల నేఱి తినునది యది. కూలియడుగని యీ పనివానికి ముసురుదినములలో గూడు విడిచిపెట్టుట మనము చేయదగిన స్వల్పసహాయము.