క్షణకాలపు ఎక్స్-కిరణ మెరుపులు

వేసవి రాత్రి మేడ మీద పడుకొని ఆకాశం వంక చూచే అలవాటున్న వారందరికీ ఒక అనుభవం ఉండి తీరుతుంది. ఒక ఉల్క రాలుతుంది. "అదుగో!" అని ప్రక్కవానికి చూపేసరికి అక్కడ ఏమీ ఉండదు. చూచినవాడు చూచితినంటాడు, చూడనివాడు నమ్మడు. అది ఎటు నుండి ఎటు పోయినది, ఎంతసేపు వెలిగినది అని గట్టిగా నిలదీస్తే చూచినవాడు సైతం తడబడతాడు. ఎక్స్-కిరణాల ద్వారా ఆకాశాన్ని పరిశీలించే శాస్త్రజ్ఞులు ఎన్నో సంవత్సరాలు పడిన ఇక్కట్టు ఇంచుమించు ఇటువంటిదే. వారికి కనిపించిన మెరుపులు కొన్ని సెకన్లలో, మహా అయితే కొన్ని నిమిషాలలో ఆరిపోయేవి. అవి ఆరిపోయిన పిదప గాని ఎవరికీ కబురు అందేది కాదు. ఆ కబురు వేగం పుంజుకున్న కథనే ఈ వ్యాసంలో చెప్పదలచినాము.

ఎక్స్-కిరణాలనగానే మనకు ఆసుపత్రి, విరిగిన ఎముక గుర్తుకు వస్తాయి. మన దేహంలోని మాంసాన్ని చీల్చుకొని పోయే ఆ కిరణాలు భూమి చుట్టూ ఉన్న గాలిని మాత్రం దాటి రాలేవు. పలుచని గాలియే గదా అనిపించవచ్చును, కాని ఆ గాలి అంతా కలిసి పెద్ద గోడతో సమానం. అందుచేత నక్షత్రాల నుండి వచ్చే ఎక్స్-కిరణాలను చూడాలంటే గాలిపొరను దాటి పైకి పోక తప్పదు. 1962 జూన్ 18న అమెరికాలో రికార్డో జియకోని బృందం ఒక చిన్న రాకెట్టును పంపినది. చంద్రుని నుండి ఎక్స్-కిరణాలు వస్తున్నవేమో చూడటం వారి ఉద్దేశం. రాకెట్టు పైన నిలిచినది ఆరు నిమిషాలు మించదు. ఆ కొద్దిసేపటిలోనే చంద్రునితో సంబంధం లేని ఒక బలమైన జ్యోతి వృశ్చికరాశి దిక్కున పట్టుబడినది. మన ఉర్దూ విభాగపు మిత్రులు ఆ రాశినే 'అఖ్రబ్' అంటారు. రెండు పేర్లకూ అర్థం తేలే.

1970 డిసెంబరు 12న కెన్యా తీరం నుండి ఎగిరిన ఉపగ్రహం ఎక్స్-కిరణాల కొరకే ప్రత్యేకించినది. ఆనాడు కెన్యా స్వాతంత్ర్య దినం కావటం చేత దానికి 'ఉహురు' అని పేరు పెట్టినారు. స్వాహిలీ భాషలో ఆ మాటకు స్వేచ్ఛ అని అర్థం. అరబ్బీ మూలం నుండి వచ్చిన ఆ మాటను వినగానే ఉర్దూ చదివిన వారికి 'హుర్రియత్' తోచక మానదు. ఉహురు తయారుచేసిన పట్టికలో 339 జ్యోతులు చేరినవి. మన హైదరాబాదుకు కూడ ఈ చరిత్రలో కొంత చోటున్నది. టాటా ఫండమెంటల్ పరిశోధనా సంస్థ వారు ఇక్కడి నుండి ఎగురవేసిన పెద్ద ప్లాస్టిక్ బెలూనులు ఎక్స్-కిరణ పరికరాలను గాలిపొర పైఅంచుల దాకా మోసుకొనిపోయినవి. 1975లో ఎగిరిన ఆర్యభట్టలోనూ ఎక్స్-కిరణ పరికరం ఉండినది. అయితే విద్యుత్ సరఫరాలో లోపం ఏర్పడి, కొద్ది రోజులకే దాని ప్రయోగాలు నిలిచిపోయినవి.

ఇవన్నీ దాదాపుగా నిలకడగా వెలిగే దీపాల కథలు. అసలు చిక్కు 1975 సెప్టెంబరులో మొదలైనది. డచ్చివారి ఉపగ్రహం ఒకటి సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఒక గోళాకార తారాగుచ్ఛం వైపు చూస్తుండగా, అక్కడి ఎక్స్-కిరణ జ్యోతి ఉన్నట్టుండి ఎన్నోరెట్లు ప్రజ్వరిల్లి, క్షణాలలో మామూలు స్థితికి దిగినది. గ్రిండ్లే, హైసే అనే శాస్త్రజ్ఞులు దీనిని గుర్తించినారు. తరువాత ఇటువంటివి అనేకం బయటపడినవి.

దీని కారణం విన్నవారికి ఆశ్చర్యం కలుగుతుంది. న్యూట్రాన్ తార అనగా సూర్యుని కంటె ఎక్కువ పదార్థం, చార్మినారు కేంద్రంగా పన్నెండు కిలోమీటర్ల వ్యాసార్ధంతో గీసిన వలయంలో ఇమిడిపోయే గోళంగా కుదించుకుపోయిన నక్షత్రం. దానికి జంటగా మరొక నక్షత్రం ఉన్నప్పుడు ఆ జంట నుండి వాయువు దీనిపైకి జారుతూ, పొరగా పేరుకుంటుంది. పొర మందమై, అడుగున వేడి, ఒత్తిడి హద్దు మీరగానే హీలియం అంతా ఒక్కమారుగా అంటుకుంటుంది. సూర్యుడు కొన్ని రోజులలో వెదజల్లే శక్తి ఇక్కడ కొన్ని సెకన్లలో వెలువడుతుంది. మరల పొర పేరుకోవటం, మరల అంటుకోవటం. పొయ్యి మీది పాలు పొంగినట్లే, కాని ఇక్కడ పొయ్యి దించేవారు లేరు. ఇవి మరల మరల వచ్చేవి గనుక శాస్త్రజ్ఞులు ఓపికతో కాచుకొని ఉండి అర్థం చేసుకొనగలిగినారు.

ఒక్కసారి మెరిసి మరెన్నడూ మెరవని వాటి సంగతి వేరు. 1967 జూలై 2న అమెరికావారి వేలా ఉపగ్రహాలలో ఒక గామా-కిరణ మెరుపు నమోదైనది. ఆ ఉపగ్రహాలు నక్షత్రాలను చూడటానికి పంపినవి కావు. ఇతర దేశాలు ఒప్పందం మీరి రహస్యంగా అణుబాంబులు ప్రేలుస్తున్నవేమో కనిపెట్టటానికి పంపినవి! ఇవి భూమి మీదివి కావని నిర్ధారించుకొని లోకానికి ప్రకటించేసరికి 1973 వచ్చినది. అటు పిమ్మట కూడ ఇవి మన పాలపుంత సమీపంలోనివో, విశ్వపు అంచులలోనివో ఎవరికీ తెలియదు. దూరం తెలియనిదే శక్తి తెలియదు: అది మిణుగురా, లేక దూరాన మండుతున్న ఊరా? 1995లో వాషింగ్టనులో పచిన్‌స్కీ, లాంబ్ అనే ఇద్దరు ఉద్దండులు ఈ విషయం మీదనే బహిరంగంగా వాదించినారు. పచిన్‌స్కీది దూరపక్షం, లాంబ్‌ది సమీపపక్షం. వాదం తేలలేదు. తేలకపోవటానికి వారిలో ఎవరి తెలివీ తక్కువై కాదు. మెరుపు పుట్టిన చోటును సూటిగా చూపగల పరికరం, అది చల్లారేలోగా అక్కడికి దూరదర్శినిని త్రిప్పగల ఏర్పాటు అప్పటికి లేవు.

ఆ చిక్కుముడిని విప్పినవి ఎక్స్-కిరణాలే. 1997 ఫిబ్రవరి 28న ఇటలీ, నెదర్లాండ్సు దేశాల ఉపగ్రహం బెప్పోశాక్స్ ఒక గామా మెరుపును పట్టినది. నేలమీది బృందం పరుగులు పెట్టి, సుమారు ఎనిమిది గంటలలో దాని సూక్ష్మమైన ఎక్స్-కిరణ దూరదర్శినిని అటు త్రిప్పినది. అక్కడ, నిప్పు ఆరిన పొయ్యిలో మిగిలిన సెగవలె, ఒక ఎక్స్-కిరణ జ్యోతి మెల్లగా క్షీణిస్తూ కనిపించినది. అదే రాత్రి కానరీ దీవులలోని విలియం హెర్షెల్ దూరదర్శినికి అక్కడ ఒక మసక చుక్క దొరికినది. మార్చి 8న చూస్తే ఆ చుక్క లేదు. రెండు నెలల తరువాత మే 8న వచ్చిన మరొక మెరుపు సెగ వర్ణపటాన్ని పరీక్షించి, అది వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరానిదని తేల్చినారు. ముప్పది ఏండ్ల వాదం ఆ విధంగా ముగిసినది. ఎనిమిది గంటలు అనే ఆ అంకెను పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి.

2004 నవంబరు 20న ఎగిరిన స్విఫ్ట్ ఉపగ్రహం ఆ ఎనిమిది గంటలను రమారమి ఒక నిమిషానికి దించినది. స్విఫ్ట్ అనేది గాలిలోనే చటుక్కున మలుపు తిరిగే ఒక పక్షి పేరు. ఉపగ్రహం మెరుపును తానే కనిపెట్టి, మనిషి ఆజ్ఞకై ఎదురుచూడక తానే తిరిగి, అదే సమయంలో నేలకు కబురు పంపేటట్లు నిర్మించినారు. అయినప్పటికీ దాని మిక్కిలి ప్రసిద్ధమైన పట్టు వేగం వలన లభించినది కాదు, అదృష్టం వలన లభించినది. 2008 జనవరి 9న అది సుమారు 9 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఒక నక్షత్రవీథిలో, అంతకుముందే ప్రేలిన ఒక సూపర్‌నోవాను చూస్తున్నది. అదే వీథిలో మరొక చోట ఒక ఎక్స్-కిరణ మెరుపు లేచి, కొన్ని నిమిషాలలో తగ్గినది. ఆ సమాచారాన్ని పరిశీలించిన యువ శాస్త్రజ్ఞురాలు అలిసియా సోడర్‌బర్గ్ దాని విలువను గ్రహించి, వెంటనే ప్రపంచంలోని పెద్ద దూరదర్శినులవారికి కబురు పంపినది. కొద్ది దినాలలో అక్కడ కొత్త సూపర్‌నోవా వెలుగు విప్పారినది. అంతవరకు సూపర్‌నోవాలను ప్రేలిన రోజుల తరువాతనే చూచిన మానవుడు, నక్షత్రగర్భం నుండి బయలుదేరిన అఘాత తరంగం పైపొరను చీల్చుకొని వచ్చిన ఘడియను మొదటిసారి చూచినాడని ఆమె బృందం ప్రకటించినది. అది అఘాత తరంగం కాదు, బలహీనమైన ధార అని వాదించినవారు లేకపోలేదు. ఏది ఏమైనా, వాదించటానికి తగినంత సమాచారం ఇరుపక్షాల చేతిలో ఉండినది. ఆ కబురే ఒక నెల ఆలస్యమై ఉంటే వాదానికి సైతం ఆస్కారం ఉండేది కాదు.

ఆలస్యమైతే ఏమవుతుందో చూపే ఉదాహరణ కూడ ఉన్నది. లాహోరులో జన్మించిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరిట చంద్ర అని పిలువబడే ఉపగ్రహం 2015 మార్చి 22న ఒక మెరుపును నమోదు చేసినది. రెండు వేల సెకన్ల పాటు ఒకే తీరున వెలిగి, పిదప అది క్షీణించినది. ఆ సంగతి భద్రపరచిన సమాచారంలో నుండి తవ్వి తీయగా, 2019లో లోకానికి తెలిసినది. రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నవని పరిశోధకుల ఊహ. ఆ చోట ఒక నక్షత్రవీథి ఉన్నది, దాని దూరం 660 కోట్ల కాంతి సంవత్సరాలని తెలిసినది. మెరుపు తాలూకు సెగ మాత్రం ఎప్పుడో చల్లారినది. ఊహను పరీక్షించే దారి మూసుకుపోయినది.

ఈ ఇబ్బందికి మూలం చూపులోనే ఉన్నది. చంద్ర చూపు మిక్కిలి పదునైనది, కాని మిక్కిలి ఇరుకైనది. అది ఒకసారికి చూచే మేర పున్నమి చందమామ వెడల్పులో సగమే. ఆకాశమంతటినీ ఆ విధంగా కప్పాలంటే అయిదు లక్షలకు పైగా ముక్కలు కావలెను. విశాలంగా చూడబోతే చూపు మసకబారుతుంది. ఎందుచేతననగా, ఎక్స్-కిరణాలు అద్దానికి ఎదురుగా తగిలితే ప్రతిఫలించవు, అందులోనికి దూసుకొనిపోతాయి. చెరువు నీటి మీద పెంకును ఏటవాలుగా విసిరితే కప్పగంతులు వేస్తూ పోతుంది, నిట్టనిలువుగా వేస్తే మునుగుతుంది. ఎక్స్-కిరణాలకు అద్దం ఆ చెరువు వంటిది, రాచుకొని పోయేటట్లు తగిలితేనే మలుపు తిరుగుతాయి. ఇట్టి అద్దాలతో చేసిన మామూలు దూరదర్శిని ఇరుకు చూపుదే అవుతుంది.

దీనికి ఉపాయం సముద్రంలోని ఒక ప్రాణి చూపినది. పెద్ద రొయ్యవలె ఉండే లాబ్‌స్టర్ కంటిలో కటకం ఉండదు. వేలకొలది సన్నని చతురస్రపు గొట్టాలు ఒక గోళం మీద పరచినట్లుండి, వాటి గోడల మీద రాచుకొని వచ్చిన వెలుగు లోపల ఒకచోట చేరుతుంది. ఎటు నుండి వచ్చిన వెలుగుకైనా తగిన గొట్టాలు కొన్ని ఉండనే ఉంటాయి. ఎక్స్-కిరణాలకు ఇదే పద్ధతి పనికివస్తుందని రోజర్ ఏంజెల్ 1979లో సూచించినాడు. వెంట్రుక కంటె సన్నని రంధ్రాలు గల పలకలు చేయటం చేతనయ్యేసరికి కొన్ని దశాబ్దాలు పట్టినది. 2024 జనవరి 9న, అనగా సోడర్‌బర్గ్ మెరుపుకు సరిగా పదహారేండ్లు నిండిన దినాన, చైనా నుండి ఎగిరిన ఐన్‌స్టీన్ ప్రోబ్‌లో ఇట్టి కన్నులు పన్నెండున్నవి. అవి కలిసి ఒకే చూపులో ఆకాశంలో పదకొండవ వంతును కాస్తాయి. అవి మెరుపును పట్టగానే, అందులోనే ఉన్న ఇరుకు చూపు దూరదర్శిని అటు తిరిగి చోటును సరిచూస్తుంది.

మెరిసినదంతా వార్త కాదు సుమా. సమీపాన ఉన్న ఎర్రని చిన్న నక్షత్రాలు తరచు ఇటువంటి జ్వాలలు విసురుతాయి. విశ్వకిరణం ఒకటి పరికరానికి తగిలినా మెరుపు వలెనే నమోదవుతుంది. లాబ్‌స్టర్ కంటిలో నిజమైన జ్యోతి నడుమ చుక్క, నాలుగు చేతులు గల శిలువ ఆకారంలో పడుతుంది గనుక కొంత వడపోత అక్కడే జరుగుతుంది. పాత పట్టికలతో సరిపోల్చటం, అక్కడ తెలిసిన నక్షత్రమేదైనా ఉన్నదేమో చూడటం తరువాతి పని. తొందరపడి తప్పు కబురు పంపితే పెద్ద దూరదర్శినుల విలువైన రాత్రులు వృథా అవుతాయి, సందేహిస్తూ కూర్చుంటే మెరుపు చల్లారుతుంది. ఈ రెండింటి నడుమ నిమిషాలలో నిర్ణయించవలసిన వారి స్థితి మాకు పరీక్షాపత్రాలు దిద్దే వేళ గుర్తుకు వస్తూ ఉంటుంది!

2024 మార్చి 15న ఆ విశాలనేత్రానికి ఒక మెరుపు చిక్కినది. పదిహేడు నిమిషాలకు పైగా నిలిచినది. పుట్టిన తేదీయే పేరుగా దానిని ఇపి240315ఎ అన్నారు. సుమారు ఒక గంటలో దక్షిణాఫ్రికాలోని ఒక దూరదర్శిని అదే చోట వెలుగును చూచినది. పిదప హవాయిలోనూ, చిలీలోనూ ఉన్న పెద్ద దూరదర్శినులు దాని దూరాన్ని కొలిచినవి. అక్కడి నుండి మనను చేరటానికి ఆ వెలుగుకు సుమారు 1,250 కోట్ల సంవత్సరాలు పట్టినది. విశ్వానికి ఇప్పటి వయస్సులో పదవ వంతు సైతం నిండని నాటి మరణం అది. గామా-కిరణాలు కూడ దొరికినవి, కాని ఎక్స్-కిరణాలు మొదలైన ఆరు నిమిషాలకు! గామా మెరుపు కొరకే కాచుకొని ఉంటే ఆ తొలి ఆరు నిమిషాల సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు. ఆ ఎడం ఎందుకు వచ్చినదో ఇంకను ఆలోచించవలసియున్నది. మరుసటి నెల 14వ తేదీన దొరికిన వేరొక మెరుపుకు గామా-కిరణాలే లేవు, కాని వెంటబడి చూడగా చివరకు అక్కడ సూపర్‌నోవా బయటపడినది.

ఈ వెంటబడే పనిలో భూగోళం మీద ప్రతి దిక్కుకూ వంతు వస్తుంది. మెరుపు వచ్చిన వేళకు ఎక్కడ రాత్రియో అక్కడివారే చూడగలరు. హవాయిలో తెల్లవారిన పిదప, కానరీ దీవులలో చీకటి పడకముందు, కొన్ని గంటల పాటు ఆ వంతు మన దేశానిది. లదాఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి సుమారు 4,500 మీటర్ల ఎత్తున, రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర దూరదర్శిని ఉన్నది. 2018 నుండి దాని సమీపాననే 0.7 మీటర్ల చిన్న దూరదర్శిని ఒకటి పనిచేయసాగినది. కబురు అందగానే అది మనిషి ప్రక్కన లేకుండానే ఆ దిక్కుకు తిరిగి, ఆ కొండల చలిలో ఒంటరిగా చిత్రాలు తీయటం మొదలుపెడుతుంది.