ఆవిరి ఇడ్లీకి కరెంటు గండం!
స్టీమర్ కొంటే చాలదు.. కనెక్షన్లూ సరిగా ఉండాలి

రాయగడ: తెల్లారితే చాలు.. రాయగడ వీధుల్లో బరా, ఘుగుని పక్కనే వేడివేడి ఇడ్లీ పొగలు కక్కుతుంది. తెలుగువారి టిఫిన్ హోటళ్లు, క్యాటరింగ్ వంటశాలలు, హాస్టళ్లు కట్టెల పొయ్యి వదిలి కరెంటు స్టీమర్ల వైపు మళ్లుతున్నాయి. పొగ ఉండదు, శ్రమ తగ్గుతుంది. అయితే తడి నేల, వేడి నీరు, కరెంటు ఒకేచోట చేరే వంటగదిలో కనెక్షన్ తప్పితే ప్రాణాల మీదకే వస్తుంది.

లోడు లెక్క ముందు
మామూలు 16 ఆంపియర్ల ప్లగ్గు 3.6 కిలోవాట్లకు మించి మోయలేదు. 6 కిలోవాట్ల స్టీమర్ సింగిల్ ఫేజ్‌లో 26 ఆంపియర్లు లాగుతుంది. 9 కిలోవాట్లదైతే 39. అదే త్రీ ఫేజ్‌లో పన్నెండున్నరతో సరి. అందుకే పెద్ద స్టీమర్‌కు త్రీ ఫేజే మేలు. 2021 జనవరిలో సౌత్‌కో స్థానంలో వచ్చిన టీపీఎస్‌ఓడీఎల్‌కు దరఖాస్తు పెట్టి, లోడు పెంచుకున్నాకే యంత్రం దించుకోవాలి. మీటరు నుంచి విడిగా రాగి తీగ, దానికి సొంత ఎంసీబీ ఉండాలి. గ్రైండరు, ఫ్రిజ్ ఆ లైనుకు తగిలించకూడదు.

ఓల్టేజీ పడిపోయినా తంటాయే. 230 ఉండాల్సింది 190కి దిగితే 6 కిలోవాట్ల హీటర్ నాలుగు కిలోవాట్ల పనే చేస్తుంది. ఇడ్లీ ఉడకలేదని పిండిని తిట్టి లాభం లేదు!

ఎర్తింగే కాపలా
హీటర్‌లో తేమ చేరితే స్టీలు బాడీకే కరెంటు పాకుతుంది. సరైన ఎర్తు ఉంటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వెంటనే లైను తెంచేస్తుంది. ఎర్తు లేకపోతే మనిషి ముట్టుకునేదాకా లోపం బయటపడదు. కుళాయి గొట్టానికి తీగ చుట్టి ఎర్తు అనిపించుకోవడం మహా ప్రమాదం. ఎండాకాలంలో ఎర్తు గొయ్యి ఎండకుండా నీళ్లు పోయాలి. స్విచ్‌బోర్డు ఆవిరి తగలని ఎత్తులో, స్టీమర్‌కు పక్కగా ఉండాలి.

నీళ్లొచ్చే దారి, పోయే దారి
నీటి గొట్టానికి ముందు ఒక వాల్వు, తర్వాత జాలీ ఫిల్టర్, ఆపై ఫ్లోటు.. ఇదీ వరుస. బోరు నీరు చవ్వగా ఉంటే హీటర్‌పై తెల్లటి పొర పేరుకుంటుంది. వేడి బయటకు పోక హీటర్ మాడిపోతుంది. నీటిని పరీక్ష చేయించి, అవసరమైతే సాఫ్ట్‌నర్ పెట్టాలి. నీరు తగ్గితే హీటర్ ఆపేసే కట్-ఆఫ్ పనిచేస్తోందో లేదో బిగించిన రోజే చూసుకోవాలి.

బయటకు పోయే నీరు సలసల కాగుతుంది. మామూలు పీవీసీ గొట్టం మెత్తబడి వంకరపోతుంది. జీఐ లేదా స్టీలు గొట్టం వేయాలి. దాని మూతి కాలువలో మునగకుండా పైనే వదలాలి. లేదంటే మురుగు వెనక్కి ఎక్కే ముప్పుంది.

కొండ మీద కాస్త ఓపిక
సుమారు 870 మీటర్ల ఎత్తున్న కొరాపుట్‌లో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. రాయగడలో 99కి పైమాటే. ప్రెషర్ లేని స్టీమర్‌లో అదే ఇడ్లీ కొరాపుట్‌లో ఇంకాసేపు ఉడకాలి. అది యంత్రం లోపం కాదు.

ఇవి మరవొద్దు
* లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే పని చేయించాలి.
* ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలి.
* కడిగే ముందు మెయిన్ ఆపాలి. పైపుతో నీళ్లు చిమ్మకూడదు.
* తలుపు తీసేటప్పుడు పక్కకు నిలబడాలి. ఆవిరి ముఖానికి కొడుతుంది.