మంచు బయట... ముప్పు ఇంట్లో!

విదేశీ ఉద్యోగం అనగానే మనకు పెద్ద పెద్ద నగరాలే గుర్తొస్తాయి. కానీ ఇప్పుడు మన పిల్లలు విదేశాల్లోని పల్లెలకూ వెళ్తున్నారు. వృద్ధుల సంరక్షణ, నర్సింగ్ పనుల కోసం జపాన్ వెళ్లేవారు అందుకో ఉదాహరణ. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జపాన్ భాష నేర్పించి మరీ పంపుతోంది. జపాన్ పల్లెల జనాభాలో వృద్ధుల వాటా చాలా ఎక్కువ. కాబట్టి ఉద్యోగం టోక్యోలోనే వస్తుందన్న హామీ లేదు. నీగాతా, యామాగాతా, అకితా లాంటి మంచు ప్రాంతాల్లోని చిన్న ఊళ్లో కూడా రావొచ్చు.

ప్రయాణానికి ముందు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లు డాక్టర్‌ని సాధారణంగా అడిగేది ఒకటే: ‘అక్కడి చలికి తట్టుకుంటానా?’ తట్టుకుంటారు. మంచి జాకెట్, బూట్లు ఉంటే బయటి చలికి భయపడాల్సిన పని లేదు. మీరు తెలుసుకుని వెళ్లాల్సింది మరొకటి ఉంది. అక్కడి పల్లెల్లో చలికాలపు ప్రమాదాలు చాలావరకు ఇంట్లోనే, లేదా ఇంటి చుట్టుపక్కలే పొంచి ఉంటాయి.

గది గదికీ ఒక వాతావరణం

సైబీరియా నుంచి వీచే చలిగాలులు జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమను పీల్చుకుంటాయి. కొండలను తాకగానే ఆ తేమంతా మంచుగా కురుస్తుంది. అందుకే ఆ తీరంలోని కొన్ని ఊళ్లలో మంచు మనిషి ఎత్తును మించి పేరుకుపోతుంది. చిత్రం ఏమిటంటే, అక్కడి ఉష్ణోగ్రతలు మరీ ఘోరంగా పడిపోవు. చాలా రోజులు సున్నాకు కాస్త అటూ ఇటూగానే ఉంటాయి.

అసలు ఇబ్బంది ఇళ్లతోనే. పల్లెల్లోని పాత చెక్క ఇళ్లలో మనుషులు కూర్చున్న గదిని మాత్రమే వేడి చేసుకుంటారు. నడవా, మరుగుదొడ్డి, స్నానాల గది గడ్డకట్టే చలిలోనే ఉంటాయి. ఇంట్లో ఉష్ణోగ్రత కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. ఇంట్లోకి చేరిన వెంటనే ఒక చిన్న థర్మామీటర్ కొని, మీరు పడుకునే గదిలో పెట్టండి. కిటికీలకు బబుల్ షీట్ అంటించడం, మందపాటి తెరలు కట్టడం, తలుపు సందులు మూయడం లాంటివి మంచు పడకముందే, నవంబరులోనే ముగించండి. అయితే గాలి వచ్చేందుకు పెట్టిన రంధ్రాలను మాత్రం మూయొద్దు. ఎందుకో చదవండి.

వాసన లేని విషం

పల్లెల్లో ఎక్కువగా వాడేది కిరోసిన్ హీటర్. కిరోసిన్‌ను అక్కడ ‘తోయు’ అంటారు. 18 లీటర్ల ఎరుపు లేదా నీలం ప్లాస్టిక్ డబ్బాల్లో తెచ్చుకుంటారు. ఇది మన రేషన్ కిరోసిన్‌లా నీలంగా ఉండదు, అచ్చం మంచినీళ్లలా ఉంటుంది. కాబట్టి నీళ్ల సీసాల్లో పోసి ఉంచొద్దు. పెట్రోలు డబ్బాతో కలగాపులగం చేయొద్దు. హీటర్ వెలుగుతుండగా నూనె పోయొద్దు.

పొగను గొట్టం ద్వారా గోడ బయటికి పంపే హీటర్లు కొన్ని ఉంటాయి. చాలా చిన్న హీటర్లు మాత్రం కాలిన గాలిని గదిలోకే వదులుతాయి. తలుపులన్నీ బిగిస్తే ఆక్సిజన్ తగ్గి, కిరోసిన్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో చలికి తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవారి ప్రాణాలు తీసేదీ ఈ వాయువే.

మొదట తలనొప్పి, వికారం, తల తిరగడం, నీరసం. ఆ తర్వాత మగత. ‘జలుబు చేసినట్టుంది, పడుకుంటే తగ్గుతుంది’ అనిపిస్తుంది. అలా పడుకోవడమే ప్రాణాంతకం. ఒక గుర్తు పెట్టుకోండి: గదిలో ఉన్నప్పుడు తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతుంటే అనుమానించాల్సింది హీటర్‌నే. ఒకే గదిలోని ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి వచ్చినా అంతే.

వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్‌ను ఇక్కడ నమ్మొద్దు. ఈ విషవాయువుతో నిండిన రక్తాన్ని కూడా అది మంచి ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేసి 98, 99 చూపించగలదు. రక్తాన్ని ప్రత్యేకంగా పరీక్షిస్తేనే సంగతి బయటపడుతుంది. వెంటనే గాలిలోకి రావాలి, ఆసుపత్రిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పెట్టించుకోవాలి.

నివారణ సులభం. హీటర్ వెలుగుతున్నంతసేపు గంటకు ఒకటి రెండుసార్లు, ఒకటి రెండు నిమిషాలు కిటికీ తెరవండి. వీలైతే ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలు తెరవండి. పడుకునే ముందు హీటర్ ఆర్పేయండి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం కొని పెట్టుకోండి. గోడకు గొట్టం ఉన్న హీటరైతే, బయట దాని మూతికి మంచు అడ్డుపడకుండా రోజూ చూసుకోండి. బొగ్గుల పొయ్యి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ గదిలోకి తేవొద్దు.

కారుకూ ఇదే సూత్రం. మంచులో చిక్కుకున్న కారులో వేడి కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచితే, పొగగొట్టం మంచుతో మూసుకుపోయి విషవాయువు లోపలికే వస్తుంది. ముందు ఆ గొట్టం చుట్టూ మంచు తీయాలి. తీయలేకపోతే ఇంజిన్ ఆపేసి దుప్పటి కప్పుకోవాలి. అందుకే కారులో ఒక పార, దుప్పటి ఎప్పుడూ ఉండాలి.

హాయిగా ఉండే వేడే కాలుస్తుంది

బల్ల కింద హీటర్, పైన బొంత ఉండే ‘కోతాత్సు’, వేడినీళ్ల డబ్బా ‘యుతాంపో’, జేబులో పెట్టుకునే ‘కైరో’ ప్యాకెట్లు... ఇవన్నీ అక్కడి చలికి మంచి తోడు. కానీ ముట్టుకుంటే హాయిగా అనిపించే 44 డిగ్రీల వేడి కూడా కొన్ని గంటలపాటు ఒకేచోట తగిలితే చర్మాన్ని లోతుగా కాలుస్తుంది. నిద్రలో నొప్పి తెలియదు. పైకి చిన్న ఎర్రటి మచ్చలా ఉండి లోపల పెద్ద పుండు కావొచ్చు. కైరోను నేరుగా చర్మానికి అంటించొద్దు, పెట్టుకుని పడుకోవద్దు. యుతాంపోతో పక్క వెచ్చబడ్డాక, పడుకునే ముందు దాన్ని తీసేయండి. కోతాత్సులో నిద్రపోవద్దు. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఈ జాగ్రత్తలు మరీ ముఖ్యం.

కాలివేళ్లు ఎర్రబడి, వాచి, దురద పెడుతుంటే దాన్ని అక్కడ ‘షిమోయాకె’ అంటారు. తడిసిన సాక్సులు వెంటనే మార్చండి. మన నూలు సాక్సులు తడిస్తే ఆరవు, ఉన్నివి వాడండి. వేళ్లు తెల్లబడి స్పర్శ పోతే మంచుతో రుద్దొద్దు, మంటకు చాపొద్దు. గోరువెచ్చని నీళ్లలో ఉంచి ఆసుపత్రికి వెళ్లండి.

తొట్టి స్నానం, మంచు పార

చలిగదిలో బట్టలు విప్పగానే రక్తపోటు పెరుగుతుంది. వేడినీళ్ల తొట్టిలో దిగితే పడిపోతుంది. జపాన్‌లో ఏటా చలికాలంలో ఎందరో వృద్ధులు తొట్టిలోనే స్పృహ తప్పి మునిగి చనిపోతుంటారు. మీరు చేసేది సంరక్షణ పనే కాబట్టి ఇది మీకు రెండు విధాలా అవసరం. బట్టలు మార్చుకునే గదిని ముందే వెచ్చబరచాలి. నీళ్లు 41 డిగ్రీలు దాటకూడదు. తొట్టిలో 10 నిమిషాలకు మించి ఉండకూడదు. మెల్లగా లేవాలి. మద్యం తాగాక, కడుపు నిండా తిన్న వెంటనే దిగకూడదు.

ఇక మంచు తీయడం. అప్పుడే కురిసిన మంచు దూదిలా తేలిక. కొన్నాళ్లు పేరుకున్నది ఘనపు మీటరుకు 250 నుంచి 500 కిలోల దాకా తూగుతుంది. చలిలో ఆ బరువు ఎత్తడం గుండెకు కఠిన పరీక్ష. పారతో కొద్దికొద్దిగా తీయండి, మధ్యమధ్యలో ఆగండి. ఛాతీలో బరువు, దవడ లేదా చేతిలో నొప్పి, ఆయాసం వస్తే పని ఆపేసి వెంటనే సాయం కోరండి. ఇంటి కప్పు మీది మంచును దించడం అనుభవం ఉన్నవారి పని. హెల్మెట్, నడుముకు తాడు, కింద మరో మనిషి లేకుండా స్థానికులే ఎక్కకూడదు. కొత్తగా వచ్చిన మీరు అసలే ఎక్కొద్దు. చూరు కింద నడవొద్దు.

బయల్దేరే ముందే...

- బీపీ, షుగర్, ఆస్తమా ఉంటే ముందుగా డాక్టర్‌ని కలవండి. చలిలో బీపీ పెరుగుతుంది. చల్లటి గాలి, కిరోసిన్ పొగ రెండూ ఆస్తమాను రెచ్చగొడతాయి. ఇన్హేలర్ సరిగా పీల్చడం డాక్టర్ ముందే చేసి చూపించండి.
- డాక్టర్ రాసిన మందులు ఒక నెలకు సరిపడా తీసుకెళ్లొచ్చు. అంతకు మించితే జపాన్ ప్రభుత్వ అనుమతి పత్రం ముందే తీసుకోవాలి. సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించి ఉన్న జలుబు మందులకు అక్కడ అనుమతి లేదు. ఇక్కడి జలుబు మాత్రలు తోచినట్టు సర్దుకోవద్దు.
- ఫ్లూ టీకా అక్టోబరు, నవంబరుల్లో వేయించుకోండి. రక్షణ మొదలవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది.
- మూడు నెలలకు మించి ఉండేవారికి అక్కడ ఆరోగ్య బీమా తప్పనిసరి. సాధారణంగా ఖర్చులో 30 శాతం మీరు కడితే చాలు. బీమా ఉన్నట్టు చూపే పత్రం జేబులోనే ఉండాలి.
- అంబులెన్స్‌కు 119. దానికి డబ్బు తీసుకోరు. ఫోన్ ఎత్తగానే ‘కాజి దెసుకా, క్యూక్యూ దెసుకా?’ అంటారు. నిప్పా, వైద్యమా అని అర్థం. ‘క్యూక్యూ దెసు’ అనండి. మీ చిరునామాను జపాన్ భాషలో రాసి ఫోన్ పక్కన గోడకు అంటించండి.

మంచు కురిసే నెలల్లో సూర్యుడు కనిపించని రోజులే ఎక్కువ. భాష అంతంతమాత్రం, తెలుగు మాట వినపడదు. నిద్ర ఎక్కువై, ఉత్సాహం తగ్గి, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోతే దాన్ని బద్ధకమని తీసిపారేయొద్దు. రెండు వారాలు దాటితే వైద్య సాయం తీసుకోండి. పగటి వెలుగున్నప్పుడు కాసేపు బయట నడవండి. శాకాహారులైతే విటమిన్ డి పరీక్ష ఇక్కడే చేయించుకుని వెళ్లండి. చేరిన మొదటి వారంలోనే ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి పరిచయం చేసుకోండి. మంచు ఊళ్లో ఒంటరి మనిషి రెండు రోజులు కనిపించకపోతే, వచ్చి తలుపు తట్టేది వాళ్లే.

చివరగా ఇక్కడ ఉండే అమ్మానాన్నలకు ఒక మాట. రాత్రి ఫోన్ చేసి ‘తిన్నావా?’ అని ఎలాగూ అడుగుతారు. చలికాలం నాలుగు నెలలూ మరో రెండు ప్రశ్నలు కలపండి: ‘కిటికీ తెరిచావా? హీటర్ ఆర్పావా?’ పిల్లలు విసుక్కున్నా సరే, రోజూ అడగండి.